గోడ మీది రంపం

అరువు తెచ్చుకున్న పనిముట్టుకు బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొడితే ఆ పుణ్యం ఎవరికి చెందుతుంది? పూజ చేసినవాడికా, పనిముట్టు సొంతదారుకా?

ఈ అనుమానం తవిటినాయుడిని ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకుని ఉంది. అతను పాతరేవు అగ్నిమాపక కేంద్రంలో లీడింగ్ ఫైర్‌మన్. దైవభక్తి ఉన్నవాడు. చదువు తక్కువ కాబట్టి అనుమానాలు ఎక్కువ. ఒకసారి కోవెల పూజారిని అడిగితే ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, పళ్ళెంలో దక్షిణ ఎవరు వేస్తే పుణ్యం వారిదేనని చెప్పాడు. ఆ జవాబులో శాస్త్రం కన్నా పళ్ళెమే ఎక్కువ కనబడి తవిటినాయుడికి తృప్తి కలగలేదు.

ఆ పనిముట్టు ఒక రంపం. చెరో చివరా ఒక మనిషి పట్టుకుని లాగే పొడుగాటి కోత రంపం. స్టేషన్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల ఇంట్లో ఉండే అప్పన్నది. అప్పన్నది దుంగలు కోసే పని. చాలా ఏళ్ళ కిందట ఒక తుఫానులో స్టేషన్ గేటుకు అడ్డంగా చెట్టు పడింది. ఊరిని కాపాడవలసిన ఫైరింజను తానే బయటికి రాలేక షెడ్డులో ఉండిపోయింది. అప్పుడు అప్పన్న తన రంపం తెచ్చి, ఒక పిడి తను పట్టుకుని, రెండో పిడి తవిటినాయుడి చేతికిచ్చి, ఆ చెట్టును రెండు ముక్కలు చేశాడు. ఊళ్ళో ఇంకా చాలా చెట్లు పడి ఉన్నాయని తెలిసి, "పనయ్యాక ఇచ్చీండి" అని రంపం అక్కడే వదిలి వెళ్ళాడు.

పని పూర్తయ్యేలోగా పై ఆఫీసు నుంచి సామాను లెక్కలు చూసేవాళ్ళు దిగారు. షెడ్డులో ఏది కనబడితే దానికి తెల్లరంగుతో నంబరు వేయటం వాళ్ళ ఉద్యోగం. రంపానికీ వేశారు. మూల పడుకున్న కుక్కకు కూడా వేసేవారే గాని అది సమయానికి లేచి వెళ్ళిపోయింది. నంబరు పడ్డ వస్తువు సర్కారుది. సర్కారు వస్తువు బయటికి పోవాలంటే అది పనికిరాదని రుజువు కావాలి. రంపం భేషుగ్గా పనిచేస్తోంది కాబట్టి సొంతదారుకు ఇవ్వటానికి వీల్లేదని, పూర్తిగా పాడైపోయాక నిరభ్యంతరంగా ఇవ్వవచ్చునని పై నుంచి జవాబు వచ్చింది.

ఆ జవాబు వచ్చిన కొన్నాళ్ళకు అప్పన్న పోయాడు. అతని భార్య అసిరమ్మ ఇంటి వరండాలోనే పొయ్యి పెట్టుకుని టీ, అట్లు అమ్ముకుంటూ ఉంది. తవిటినాయుడు ఆమెను అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తాడు. పొద్దున్నే టీకి వెళితే ఆమె గ్లాసు అందిస్తూ, "మా రంపం కులాసాయేనా తమ్ముడూ? వేళకి నూనె రాస్తన్నారా?" అని అడుగుతుంది. ఆ మాటలో నిష్ఠూరం ఉండదు. అదే తవిటినాయుడికి గొంతులో టీ దిగనిచ్చేది కాదు. తిట్టినా కొంత బాకీ తీరినట్టు ఉండేది.

ఇవ్వటం చేతకాక అతను పూజ చేస్తూ వచ్చాడు. ఏటా దసరాకి రంపాన్ని చింతపండుతో తోమి, నూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టేవాడు. అక్కడ మొదలైందే ఆ అనుమానం.

ఆ ఏడు దసరా వెళ్ళిన కొద్ది రోజులకు సముద్రంలో వాయుగుండం పుట్టింది. అంతకు ముందే శాఖలో సన్నద్ధత పుట్టింది.

దాని పుట్టుక ఇలా జరిగింది. కిందటేడు తుఫాను వెళ్ళగానే పై అధికారులు స్టేషన్లన్నిటినీ తనిఖీ చేశారు. పాతరేవు వాళ్ళు వీధివీధీ తిరిగి చెట్లు కోసి వచ్చారు కనుక మోటారు రంపం గొలుసు తెగి ఉంది. తాళ్ళు బురద పట్టి ఉన్నాయి. మనుషులు బెంచీల మీద బోర్లా పడి నిద్రపోతున్నారు. తుఫాను తొంగి అయినా చూడని పక్క జిల్లా స్టేషన్లో అన్నీ తళతళలాడుతున్నాయి. ఎవరు సిద్ధంగా ఉన్నారో తేల్చటం ఎవరికీ కష్టం కాలేదు. పాతరేవుకు అందరికన్నా తక్కువ మార్కులు పడ్డాయి. అప్పటి ఆఫీసరును ఏజెన్సీ కొండల్లోకి, సముద్రం పేరు కూడా వినబడని చోటికి పంపించేశారు. ఆయన కుర్చీలోకి సదాశివ పట్నాయక్ వచ్చాడు.

పట్నాయక్ మంచివాడు. సంధ్యావందనం చేయనిదే పలహారం ముట్టడు. కింది ఉద్యోగిని కూడా మీరు అనే పిలుస్తాడు. చేతిలో ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్ల రుమాలు ఉంటుంది. ఆయనకున్న భయం ఒకటే, ఆ కొండలు.

కొత్త ఉత్తరువు ప్రకారం స్టేషన్ గోడ మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ ఎర్రరంగుతో గీయాలి. పనిముట్టు ఎప్పుడూ తన గీతలో ఉండాలి. తుఫాను హెచ్చరిక మొదలు అది ఎత్తివేసే దాకా గంటగంటకూ ఫోటో తీసి పై ఆఫీసుకు పంపాలి. ఏ గీత ఖాళీగా కనబడినా మార్కు పోతుంది. గొడ్డళ్ళకు, గునపాలకు, తాళ్ళకు, నిచ్చెనలకు, అప్పన్న రంపానికి కూడా గీతలు పడ్డాయి. ఫైరింజను గోడకు తగిలించటం కుదరదు గనక నేల మీద దాని చక్రాల చుట్టూ గీశారు.

పట్నాయక్ సిబ్బందిని వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన నోట కూడా ఉత్తరువులే వచ్చేవి.

"ప్రతిస్పందన జరిగిన క్షణం నుంచీ సన్నద్ధత క్షీణించడం ప్రారంభమవుతుంది. ఇది గత సంవత్సరపు అనుభవం వల్ల నిరూపితమైనది. కావున సిబ్బంది యావన్మందీ ప్రతిస్పందన విషయంలో తగు నిగ్రహం పాటించవలసిందిగా కోరడమైనది."

తవిటినాయుడు చేతులు కట్టుకుని అడిగాడు. "ఆయుధ పూజనాడు మనం పనిముట్లు ముట్టుకోం సార్. మర్నాడు ముట్టుకుంటాం. మరి ఈ పూజకి మర్నాడు ఎప్పుడొస్తాదండి?"

పట్నాయక్ ఆ ప్రశ్నను గౌరవంగానే తీసుకున్నాడు. తనిఖీ పూర్తయిన పిమ్మట అని చెప్పాడు.

తుఫాను పొద్దున్నే వచ్చింది. కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకున్న పూనకపు మనుషుల్లా ఊగసాగాయి. మొదటి ఫోను చేపల బజారు నుంచి వచ్చింది. తుమ్మచెట్టు విరిగి దారికి అడ్డం పడింది, సామాను బండ్లు కదలటం లేదు. పట్నాయక్ చాలాసేపు ఆలోచించాడు. పనిముట్టు కదలరాదు. ఇంజను కదలరాదు. కదలటానికి మిగిలింది మనిషి ఒక్కడే. మార్గదర్శనం చేసి రమ్మని తవిటినాయుణ్ణి పంపాడు. శాఖవారి వానకోటుకు కూడా గీత ఉంది కాబట్టి అతను ఇంటి నుంచి తెచ్చుకున్న గోనె నెత్తిన వేసుకుని, సొంత సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు.

బజారులో జనం అతని వెనక్కి చూశారు. వెనక ఎవరూ రావటం లేదు. ఇంజను ఏదని అడిగితే సిద్ధంగా ఉందన్నాడు. ఎక్కడ అంటే స్టేషన్లో అన్నాడు. ఒక చేపలమ్మి తట్ట నెత్తిన సర్దుకుంటూ, "ఇంజను రాలేదు గాని ఇంజను బాబాయి వచ్చినాడు, దారియ్యండర్రా" అంది. వానలో కూడా జనం నవ్వారు. ఆ తర్వాత ఎవరి కత్తులు వాళ్ళు తెచ్చుకుని కొమ్మలు నరికారు. తవిటినాయుడు మార్గదర్శనం మాట మరిచిపోయి కొమ్మలు ఈడ్చి పక్కన పడేశాడు.

తిరిగి వచ్చేసరికి పట్నాయక్ దిగులుగా ఉన్నాడు. ఉత్తరువు మళ్ళీ చదివితే కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి కనబడిందట. ఫోటోలో సిబ్బంది కూడా పూర్తిగా కనబడాలి. తవిటినాయుడు బజారులో ఉండగా తీసిన ఫోటోలో వరసలో సందు పడింది. ముందరి పన్ను ఊడిన నోరులా ఉందని పట్నాయక్ బాధపడ్డాడు. ఆ నిమిషం నుంచి మనుషులకు కూడా నేల మీద గీతలు పడ్డాయి. ఒక్కొక్కరికీ ఒక జత పాదాలు.

ఇక బయటికి వెళ్ళగలిగింది మాట ఒక్కటే. ఫోను మోగినప్పుడల్లా పట్నాయక్ స్వయంగా తీసి, "మేము సంపూర్ణ సన్నద్ధతలో ఉన్నాము. తాము ధైర్యంగా ఉండగలరు" అని చెప్పేవాడు. గొల్లవీధి నుంచి ఒక పెద్దాయన, మీరు ఎలా ఉన్నారో కనుక్కుందామని తాను ఫోను చేయలేదని, తన పాక మీద చెట్టు పడిందని చెప్పాడు. పట్నాయక్ ఆ విషయం శ్రద్ధగా విని, ధైర్యంగా ఉండవలసిందిగా మరొకసారి కోరాడు. మధ్యాహ్నానికి ఫోన్లు ఆగిపోయాయి. స్టేషన్లో ప్రశాంతత ఏర్పడింది. సిగ్నలు లేక ఫోటోలు ఎక్కడికీ వెళ్ళకపోయినా గంటగంటకూ తీస్తూనే ఉన్నారు.

అలా ఒక ఫోటోకు అందరూ తమ తమ పాదాల్లో నిలబడి ఉండగా, ఎదురుగా అసిరమ్మ ఇంటి పక్కనున్న నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి ఒరిగింది. వరండా రేకులు నేల కరిచాయి. మాను సరిగ్గా తలుపుకు అడ్డంగా పడుకుంది.

పాదాల గీతలు దాటకుండానే అందరి మెడలూ అటు సాగాయి. కిటికీ ఊచల వెనక అసిరమ్మ కనబడింది. దెబ్బ తగల్లేదు. నులకమంచం మీద నిలబడి, పొదుగుతున్న కోడిని గంపతో సహా చంకన పెట్టుకుని ఉంది. కాని రోడ్డును ఏటేటా ఎత్తు పెంచుతూ పోయారు గనక ఆ ఇల్లు గోతిలో పడ్డట్టు అయింది. ఊరి వాన నీళ్ళన్నిటికీ అదే పల్లం. తలుపు సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి, బయటికి రావటం లేదు.

పట్నాయక్ గేటు దాకా వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "అమ్మా, మీ పరిస్థితి శాఖ దృష్టిలో ఉన్నది."

"మంచిది బాబూ," అంది అసిరమ్మ. "నీళ్ళు మంచం పట్టెకి వచ్చీసినాయి. మీ దృష్టికి చేతులేటైనా ఉన్నాయా?"

ఆయన వెనక్కి వచ్చాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ఒకవైపు ఆడమనిషి ప్రాణం. ఇంకోవైపు ఏజెన్సీ కొండలు. తెల్ల రుమాలు ఆయన చేతుల్లో వత్తిలా మెలికలు పడింది. మోటారు రంపం వైపు చూశాడు. గొలుసు తెగకుండా ఉండటానికి దాన్ని పెట్టెలో పెట్టి సీలు వేయించింది తనే. సీలు తీసే అధికారం తనకు లేకుండా చేసుకున్నదీ తనే.

అసిరమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి పిలిచింది తవిటినాయుణ్ణి.

"తమ్ముడూ, నా రంపం మీ గోడ మీద ఇక్కడికి కనబడతంది. బాగా మెరుస్తంది. బాగా చూసుకుంటన్నారు."

తవిటినాయుడికి కాళ్ళ కింద గీత కాలినట్టయింది. ఇన్నేళ్ళూ పొద్దున్నే గొంతులో అడ్డుపడిన టీ అంతా ఒక్కసారి కదిలినట్టయింది. అతను పాదాల గీతలోంచి బయటికి అడుగు వేసి పట్నాయక్ ముందు నిలబడ్డాడు.

"సార్, ఈ గోడ మీదున్నవన్నీ మనవేనాండి?"

"సందేహమేమి? సమస్తమూ శాఖకు చెందినదే."

"ఆ రంపం మనది కాదు సార్. ఆయమ్మది. పరాయి సొమ్ము మన గీతలో పెట్టి ఫోటో తీస్తే అది దొంగ సన్నద్ధత అవ్వదాండి?"

పట్నాయక్ ఉలిక్కిపడ్డాడు. ఇన్ని ఫోటోలు. ప్రతి దానిలోనూ ఆ రంపం. దానికి నంబరు ఉంటుంది కదా అని గొణిగాడు. ఏటా దసరాకి చింతపండుతో తోముతున్నానని, నంబరు ఏనాడో పోయిందని తవిటినాయుడు చెప్పాడు.

"ఎవరి వస్తువు వాళ్ళకి ఇచ్చీడం కూడా వాడకం కిందకే వస్తాదా సార్?"

ఆ మాటతో పట్నాయక్ ముఖంలో దీపం వెలిగింది. రుమాలు మెలిక విడిపోయింది. "రాదు. సొంతదారుకు తిరిగి ఇచ్చుట వినియోగం కిందికి రాదు. అప్పగింత కిందికి వస్తుంది. అప్పగింతపై ఎటువంటి నిషేధమూ లేదు. వెంటనే అప్పగించండి."

"ఆయమ్మ చేతికి ఇవ్వాలంటే తలుపు తెరవాలి సార్. తలుపుకి చెట్టు అడ్డం."

"అప్పగింతకు ఏర్పడిన ఆటంకమును తొలగించుట అప్పగింతలో అంతర్భాగమే," అన్నాడు పట్నాయక్. దేనితో తొలగించాలని ఎవరో అడిగితే, వస్తువు దారిలో ఉండగా తన స్వభావం కొద్దీ ఏదైనా కోసుకుంటే శాఖకు సంబంధం లేదని కూడా తేల్చి చెప్పాడు.

ఇక ఒక్క చిక్కే మిగిలింది. రంపానికి రెండు పిడులు. తవిటినాయుడి స్థానంలో చీపురుకర్రకు ఒక ఖాకీ చొక్కా తగిలించి, పైన టోపీ పెట్టి, అతని పాదాల గీతలో నిలబెట్టారు. రెండో మనిషి ఎవరు? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరూ కలిసి పట్నాయక్ ముఖం చూశారు. ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండడు. ఆ స్టేషన్ సిబ్బందిలో నేల మీద పాదాలు గీయబడని మనిషి ఆయన ఒక్కడే.

ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫోటో తీసే బాధ్యత, సిబ్బంది లెక్కలోకి రాని స్టేషన్ వంటవాడికి అప్పజెప్పి, నడుం లోతు నీళ్ళలోకి దిగాడు.

కోత మొదట్లో సాగలేదు. పట్నాయక్ రంపాన్ని ఉత్తరువును కిందికి పంపినట్టు అవతలికి తోస్తున్నాడు. రంపం మధ్యలో వంగి పట్టేస్తోంది. లోపల్నుంచి అసిరమ్మ గొంతు వినబడింది.

"ఆ బాబుని తొయ్యొద్దను తమ్ముడూ. తనొంతు లాగి వదిలీమను. అవతలోడు లాక్కుంటాడు. మా ఆయన నాకు అలాగే నేర్పినాడు."

పట్నాయక్ లాగాడు. వదిలాడు. లాగాడు. పొట్టు ఎగిరి ఆయన మీసాల మీద పడింది. నీళ్ళు మంచం మీదికి ఎక్కాయి, అసిరమ్మ చీర కుచ్చెళ్ళు తడిశాయి, గంప ఆమె నెత్తి మీదికి మారింది. కోడి మాత్రం గుడ్ల మీంచి లేవలేదు. మాను టప్పుమని రెండయింది. తెగిన ముక్కను ఇద్దరూ భుజాలతో దొర్లించి, తలుపు వెనక్కి నెట్టి, ఆమెను చెరో రెక్కా పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చారు.

పట్నాయక్ ఊపిరి పీల్చుకుని, నీళ్ళు కారుతున్న బట్టలతోనే నిటారుగా నిలబడి, ఈ వస్తువు ఇందుమూలముగా తమకు అప్పగించడమైనదని ప్రకటించాడు. తవిటినాయుడు రంపాన్ని రెండు చేతులా చాచాడు. ఇన్నేళ్ళుగా కలలో చేసిన పని అది.

అసిరమ్మ రంపం వైపు చూసింది. వీధి వైపు చూసింది. దూరంగా గొల్లవీధిలో ఎవరో ఇంకా కేకలు వేస్తున్నారు.

"ఇప్పుడు నేను కోడిని మొయ్యనా, దీన్ని మొయ్యనా?" అంది. "పనయ్యాక ఇచ్చీండి."

అప్పన్న మాట అది. అక్షరం తేడా లేదు. తవిటినాయుడు చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. పట్నాయక్ మాత్రం ఆనందించాడు. అరువు వస్తువుకు గోడ మీద గీత అవసరం లేదు గనక ఎంత కోసినా సన్నద్ధతకు లోపం రాదు. ఇద్దరూ గొల్లవీధికి వెళ్ళారు. పాక మీది చెట్టు కోసి పెద్దాయన్ని బయటికి తీశారు. ధైర్యంగా ఉన్నారా అని పట్నాయక్ అడిగితే, పెద్దాయన ఇప్పుడే మొదలుపెట్టానన్నాడు. ఒకరి చేతులు బొబ్బలెక్కితే స్టేషన్ నుంచి ఇంకొకరు వచ్చి పిడి అందుకునేవారు. పొద్దు వాలేసరికి వంటవాడు తీస్తున్న ఫోటోల్లో మనుషుల కన్నా టోపీలు పెట్టుకున్న కర్రలే ఎక్కువయ్యాయి. గోడ మీద ఖాళీ అయిన రంపం గీతలోకి అతను పప్పు డబ్బాల అట్టపెట్టె కోసి, రంపం ఆకారం చేసి, పళ్ళు కూడా కత్తిరించి, పొయ్యి బూడిద రాసి తగిలించాడు.

తుఫాను తీరం దాటింది. తనిఖీ వచ్చింది. అధికారులు గీతగీతా చూశారు. ఏదీ చెదరలేదు, ఏదీ తడవలేదు. పాతరేవుకు నూటికి నూరు మార్కులు పడ్డాయి. సిబ్బంది ఫోటోల్లో కదలకుండా నిలబడిన తీరును, ముఖ్యంగా కొందరి నిశ్చలతను, ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. పోతూ పోతూ ఒక లోపం మాత్రం కనిపెట్టారు. గోడ మీది రంపానికి నంబరు లేదు. వెంటనే తెల్లరంగు తెప్పించి, అట్ట రంపం మీద నంబరు వేయించారు. రంగు కాస్త లోపలికి పీల్చుకుంది. పట్నాయక్ తవిటినాయుడి వైపు చూశాడు. బొబ్బలు ఇంకా మానని తన చేతులు ఆయన వీపు వెనక పెట్టుకుని ఉన్నాడు.

"శాఖవారి రంపం శాఖ గోడ మీద భద్రంగా ఉన్నది కదా," అన్నాడు వాళ్ళు వెళ్ళాక. "ఇక ఆ రెండోదాన్ని గురించి ఎవరూ అడగబోరు. వెళ్ళి రండి."

తవిటినాయుడు రంపానికి ఆకురాయి పెట్టించాడు. చింతపండుతో తోమి, నూనె రాసి, చివరిసారి కుంకుమ పెట్టి రోడ్డు దాటాడు. అసిరమ్మ కొత్త రేకుల కింద పొయ్యి వెలిగించుకుని ఉంది. కోడి వెనక పిల్లలు తిరుగుతున్నాయి. అతను తన అనుమానం ఆమెకే చెప్పాడు. ఇన్నేళ్ళూ తాను చేసిన పూజ పుణ్యం ఎవరికి చేరిందని అడిగాడు.

ఆమె అట్టు తిరగేసి, రంపాన్ని చూసింది.

"నాకేటి తెల్దు తమ్ముడూ. రెండు పిడులున్నాయి గదా. ఒక్కలు లాగితే తెగేదా?"

లోపలి గోడకు అప్పన్న కొట్టిన మేకు అలాగే ఉంది. తవిటినాయుడు రంపాన్ని దానికి తగిలించాడు. అది కొద్దిగా ఊగి, తన చోటు గుర్తుపట్టినట్టు ఆగింది. అతను వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అసిరమ్మ టీ గ్లాసు అందిస్తూ, అలవాటు కొద్దీ, "మా రంపం కులా..." అని మొదలుపెట్టి, వెనక్కి తిరిగి గోడ వైపు చూసి, మిగతాది అనకుండా ఊరుకుంది.